కార్డు శవపేటికలో ఉంది

ఒక చిన్న పజిల్. మీ బాబాయి చనిపోయాడు. పిన్నికి పెన్షన్ రావాలంటే ఆయన లేబర్ కార్డు చూపించాలి. కార్డేమో ఇంట్లో లేదు. ఆయన ఆదర్శ కార్మికుడు కదా, గౌరవంగా ఉంటుందని ఆ కార్డును ఆయనతో పాటే శవపేటికలో పెట్టి పూడ్చేశారు. పోనీ తవ్వి తీసుకుందామంటే, పూడ్చిన రెండేళ్ళ దాకా సమాధి తెరవడానికి రూల్స్ ఒప్పుకోవు. ముందే తెరవాలంటే ప్రత్యేకంగా ఆర్డర్ తేవాలి. ఆ ఆర్డర్ కోసం వెళ్తే ఒక కౌంటర్ వాళ్ళు ఇంకో కౌంటర్‌కి పంపిస్తారు, వాళ్ళు మూడో దానికి పంపిస్తారు. ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు?

ఈ కథలో కుర్రాడు మాత్రం రాత్రిపూట శ్మశానానికి వెళ్ళి దొంగతనంగా సమాధి తవ్వించాడు.

సినిమా పేరు ‘డెత్ ఆఫ్ ఎ బ్యూరోక్రాట్’. 1966లో క్యూబాలో వచ్చింది. బ్లాక్ అండ్ వైట్. గంటన్నర లోపే అయిపోతుంది. ఒక శనివారం రాత్రి, ఏదో ఒకటి పెట్టుకుని చూస్తూ చూస్తూ నిద్రపోదామని మొదలుపెట్టాను. మొదటి పది నిమిషాల్లోనే నిద్ర ఎగిరిపోయింది. పక్క గదిలోంచి మా రూమ్మేట్ వచ్చి, ‘ఏంట్రా, ఒక్కడివే కూర్చుని నవ్వుతున్నావ్?’ అన్నాడు. చెప్పాను. వాడూ కూర్చున్నాడు. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ ఇద్దరం నవ్వీ నవ్వీ అలిసిపోయాం. అయితే ఆ నవ్వులో ఏదో తేడా ఉంది. సినిమా అయిపోయాక కూడా అది వదల్లేదు. రీల్ చూసి నవ్వి పైకి తోసేసినట్టు దాన్ని తోసేయలేకపోయాను. ఎందుకో తెలుసుకోవాలని ఆ దర్శకుడి వెనకాల పడ్డాను. ఈ నాలుగు మాటలూ అందుకే.

విప్లవం ఇంటి మనిషి

ఆయన పేరు టోమాస్ గుటియెరెజ్ అలేయా. క్యూబాలో అందరూ ముద్దుగా ‘టిటోన్’ అనేవాళ్ళు. 1928లో హవానాలో పుట్టాడు. లా చదివాడు. తర్వాత సినిమా నేర్చుకోవడానికి ఇటలీ వెళ్ళి రోమ్‌లో చదువుకున్నాడు. తిరిగొచ్చాక 1955లో, బొగ్గు కాల్చి బతికే చిత్తడినేలల పేదవాళ్ళ మీద ‘ఎల్ మేగానో’ అనే చిన్న సినిమాలో పనిచేశాడు. దాన్ని బతిస్తా నియంతృత్వ ప్రభుత్వపు పోలీసులు జప్తు చేసుకున్నారు. 1959 జనవరిలో బతిస్తా పారిపోయి ఫిడెల్ కాస్ట్రో విప్లవం గెలిచింది. మూడు నెలలు తిరక్కుండానే, ఆ మార్చిలో కొత్త ప్రభుత్వం ‘ఇకాయిక్’ అనే సినిమా సంస్థను పెట్టింది. దాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో అలేయా ఒకడు.

ఈ వివరాలన్నీ ఎందుకంటే, అలేయా విప్లవానికి బయటివాడు కాడు. దేశం వదిలి మయామీ వెళ్ళిపోయి అక్కణ్ణుంచి రాళ్ళేసిన మనిషి కాదు. చివరిదాకా, అంటే 1996లో చనిపోయేదాకా, హవానాలోనే ఉన్నాడు. తను నమ్మిన ప్రభుత్వం మీద, ఆ ప్రభుత్వ సంస్థ డబ్బుతోనే, ఆ ప్రభుత్వ థియేటర్లలోనే ఆడేలా కామెడీ తీశాడు. ఒక్కసారి ఊహించుకోండి. మన దగ్గర ఒక పార్టీ వీరాభిమాని, ఆ పార్టీ సొంత ఛానెల్లో, ఆ పార్టీ ప్రభుత్వ ఆఫీసుల మీద గంటన్నర సేపు జోకులేస్తే ఎలా ఉంటుంది? మనకైతే వెంటనే ఒకటే డౌట్ వస్తుంది: ‘ఇంతకీ వీడు ఎవరి వైపు?’

నవ్వు ఎక్కడ పుడుతుందంటే

కథలోకి వెళ్దాం. అరవై ఏళ్ళ కిందటి సినిమా కాబట్టి స్పాయిలర్ అని తిట్టుకోకండి.

చనిపోయిన పెద్దాయన పేరు ఫ్రాన్సిస్కో పెరెజ్, ఇంట్లో వాళ్ళకి పాకో. శిల్పి. ఆయన గొప్పతనం ఏంటంటే, హోసే మార్తీ బొమ్మలను టకటకా తయారుచేసే యంత్రాన్ని కనిపెట్టాడు. మార్తీ అంటే క్యూబా స్వాతంత్ర్యం కోసం పోరాడి 1895లో యుద్ధభూమిలోనే చనిపోయిన కవి. వాళ్ళకి ఆయన దాదాపు జాతిపిత. ఇంటింటికీ ఒక మార్తీ విగ్రహం అందాలన్నది పాకో కల. చివరికి ఆ యంత్రంలోనే ఇరుక్కుని చనిపోతాడు. జంక్షన్‌కో విగ్రహం ఉన్న ఊళ్ళలో పెరిగిన మనకు ఈ జోకును ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆలోచించే మనిషిని ప్లాస్టర్ బొమ్మ చేసి, ఫ్యాక్టరీలో పోతపోసి, ఆయన చెప్పింది మర్చిపోవడం అనే పని అన్ని దేశాల్లోనూ బాగానే సాగుతుంది.

పాకో మేనల్లుడి పేరు హువాంచిన్. అత్త పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఇక లాభం లేదని శ్మశానంలో పనిచేసే వాళ్ళను పట్టుకుని రాత్రిపూట సమాధి తవ్విస్తాడు. మధ్యలో అలికిడి అవుతుంది, సాయం వచ్చిన వాళ్ళు పారిపోతారు. చేసేది లేక శవపేటికను ఇంటికే తెచ్చుకుంటాడు. పోనీ, కార్డు దొరికింది. ఇక పాకోను మళ్ళీ పూడ్చిపెడితే పని అయిపోతుంది.

అక్కడే అసలు కథ. శ్మశానం అధికారి రిజిస్టర్ తీసి చూస్తాడు. ‘ఈయన్ని ఆల్రెడీ పూడ్చేశాం కదా’ అంటాడు. రికార్డు ప్రకారం పాకో భూమిలోనే ఉన్నాడు. ఎదురుగా ఉన్న శవం మాట శవానిది, రిజిస్టర్ మాట రిజిస్టర్‌ది. మళ్ళీ పూడ్చాలంటే ముందు బయటికి తీసినట్టు ఆర్డర్ చూపించాలి. ఆ ఆర్డర్ దొరక్కే కదా దొంగతనంగా తవ్వింది!

ఇక అక్కణ్ణుంచి శవం ఇంట్లో, మనిషి ఆఫీసుల్లో. ఇంటి మీద రాబందులు చక్కర్లు కొడుతుంటాయి. శ్మశానం గేటు దగ్గర పెద్ద కొట్లాట అవుతుంది. పూలదండలు, అంత్యక్రియల బండి, అన్నీ తుక్కుతుక్కు. లారెల్ హార్డీ సినిమాలు చూసినవాళ్ళకు ఆ సీన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. హీరో బిల్డింగు గోడ మీద ప్రాణాలు అరచేత పట్టుకున్న సీన్ చూస్తే హెరాల్డ్ లాయిడ్ గుర్తొస్తాడు. అలేయా దాచుకోలేదు కూడా. సినిమా టైటిల్సే ఒక సర్కారీ కాగితం టైప్ కొడుతున్నట్టు వస్తాయి, అందులోనే ఈ సినిమా ఎవరెవరికి అంకితమో చెప్పేస్తాడు. ఆ లిస్టులో లారెల్ హార్డీ, హెరాల్డ్ లాయిడ్ ఉన్నారు, బున్యుయెల్, బెర్గ్‌మన్ ఉన్నారు, మార్లిన్ మన్రో కూడా ఉంది. అమెరికా క్యూబా మీద ఆర్థిక ఆంక్షలు పెట్టిన రోజుల్లో, క్యూబా సర్కారు సినిమా హాలీవుడ్ కమెడియన్లకు దండం పెట్టిందన్నమాట.

చివరికి హువాంచిన్‌కి మతి పోతుంది. ఆ శ్మశానం అధికారి గొంతు పిసికేస్తాడు. అప్పుడు అర్థమవుతుంది టైటిల్లో చనిపోయిన బ్యూరోక్రాట్ ఎవరో. ఆ అధికారికి మాత్రం అంత్యక్రియలు ఘనంగా జరుగుతాయి.

ఇంజినీర్ కళ్ళతో చూస్తే

మా ఫీల్డులో దీనికో పేరుంది: డెడ్‌లాక్. ఇరుకు వంతెన మీద రెండు లారీలు ఎదురెదురుగా ఆగాయనుకోండి. నువ్వు వెనక్కి వెళ్తే నేను కదులుతానని ఒకడు, నువ్వు వెళ్తేనే నేను కదులుతానని ఇంకొకడు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయట్లేదు. ఇద్దరూ మర్యాదగా వెయిట్ చేస్తున్నారు. అలాగే తెల్లారిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో ఈ చాప్టర్ ఉంటుంది. మూడో ఏడాది ఎగ్జామ్‌లో పది మార్కుల ప్రశ్న. అప్పుడు బొమ్మలేసి, బాణాలు గీసి రాశాను. అది ఒక ముసలావిడ పెన్షన్‌గా, ఇంట్లో కుళ్ళిపోతున్న శవంగా కూడా ఉంటుందని టెక్స్ట్‌బుక్ చెప్పలేదు.

ఈ సినిమాలో నన్ను ఎక్కువ గుచ్చుకున్న సంగతి ఏంటంటే, ఇందులో విలన్ లేడు. లంచం అడిగేవాడు కథను నడపడు. రూల్స్‌ను ఒక్కొక్కటిగా విడదీసి చూడండి. పెన్షన్‌కి కార్డు చూపించాలి. న్యాయమే, లేకపోతే ఎవడుపడితే వాడు వచ్చి డబ్బు పట్టుకుపోతాడు. సమాధిని ఇష్టమొచ్చినట్టు తవ్వకూడదు. అదీ న్యాయమే. ఒకసారి పూడ్చిన మనిషిని కాగితం లేకుండా రెండోసారి పూడ్చకూడదు. నిజానికి ఇది చాలా తెలివైన రూలు, హత్య చేసినవాడు శవాన్ని మాయం చేయకుండా ఆపుతుంది. విడివిడిగా అన్నీ కరెక్టే. కలిపితే పిచ్చి. మా భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్టులన్నీ పాస్, మొత్తం సిస్టమ్ ఫెయిల్.

మా అమ్మమ్మ సంగతి చెప్తాను. తాతయ్య టీచర్‌గా రిటైరయ్యారు. ఆయన పోయాక అమ్మమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఏటా ఒకసారి తను బతికే ఉన్నట్టు వేలిముద్ర వేసి నిరూపించుకోవాలి. అమ్మమ్మ వేళ్ళు యాభై ఏళ్ళు గిన్నెలు తోమిన వేళ్ళు, చింతపండు పిసికిన వేళ్ళు. గీతలు అరిగిపోయాయి. ఒకసారి నేను సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడు తీసుకెళ్ళాను. కుడి బొటనవేలు పెడితే మెషీన్ ఒప్పుకోలేదు. ఎడమది పెట్టినా అంతే. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టించారు. ఊహూ. అక్కడ కూర్చున్నాయన చాలా మంచివాడు. అమ్మమ్మకు కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. ‘నాకు తెలుసమ్మా మీరేనని, కానీ సిస్టమ్ తీసుకోవట్లేదు’ అన్నాడు. అమ్మమ్మ నా వైపు తిరిగి, ‘నువ్వు కంప్యూటర్ ఉద్యోగమే కదా నాన్నా, నేను బతికే ఉన్నానని ఆ డబ్బాకి కాస్త చెప్పు’ అంది. లైన్లో ఉన్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చివరికి ఉంగరం వేలు పట్టింది.

పాకో విషయంలో రిజిస్టర్ ఎదురుగా ఉన్న శవాన్ని నమ్మలేదు. ఇక్కడ మెషీన్ ఎదురుగా ఉన్న ప్రాణాన్ని నమ్మలేదు. మధ్యలో ఉన్న మనిషికి మాత్రం రెండుచోట్లా నిజం తెలుసు. కాకపోతే తన కళ్ళతో చూసింది నిజమని రాసుకునే హక్కు అతనికి లేదు.

గీత ఎక్కడుందో ఎవరికి తెలుసు?

క్యూబా ప్రభుత్వం ఇలాంటి సినిమాను ఎలా ఒప్పుకుంది? దీనికి సగం జవాబు ఏంటంటే, ఆ రోజుల్లో బ్యూరోక్రసీ మీద వాళ్ళే యుద్ధం ప్రకటించుకున్నారు. 1963లో చే గువేరా స్వయంగా బ్యూరోక్రసీ జబ్బు మీద ఒక వ్యాసం రాశాడు. కాబట్టి అలేయా సినిమా ప్రభుత్వం మాటను ప్రభుత్వానికే గట్టిగా వినిపించినట్టయింది. క్యూబాలో జనం విరగబడి నవ్వారు. చెకోస్లొవేకియాలోని కార్లోవీ వారీ ఫెస్టివల్లో దీనికి జ్యూరీ ప్రత్యేక బహుమతి కూడా వచ్చింది.

మిగతా సగం జవాబు అంత హాయిగా ఉండదు. 1961లో ‘పీ.ఎం.’ అనే చిన్న డాక్యుమెంటరీని నిషేధించారు. అందులో రాజకీయం కూడా లేదు. హవానా రాత్రుల్లో జనం తాగుతూ, డ్యాన్స్ చేస్తూ కనిపిస్తారంతే. ఆ గొడవ తర్వాత కాస్ట్రో రచయితలను, కళాకారులను కూర్చోబెట్టి ఒక గీత గీశాడు. విప్లవం లోపల ఉంటే అన్నిటికీ చోటుంది, దానికి ఎదురు నిలిస్తే దేనికీ లేదు అన్నది ఆ గీత సారం. వినడానికి క్లియర్‌గానే ఉంది. కానీ లోపల ఎక్కడ అయిపోతుంది, ఎదురు ఎక్కడ మొదలవుతుంది, చెప్పేదెవరు? అలేయా తన జీవితమంతా ఆ గీత మీదే నడిచాడు. లోపలే ఉంటూ గీతను కాలితో కొంచెం కొంచెం అవతలికి జరుపుతూ పోయాడు.

అది ఎంత కష్టమో తెలియాలంటే ఆయన చివరి సినిమా ‘గ్వాంతనమేరా’ చూడాలి. 1995లో వచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సర్. అందుకే మిత్రుడు హువాన్ కార్లోస్ తాబీయోతో కలిసి తీశాడు. మళ్ళీ శవమే! ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ పూడ్చడానికి వీల్లేని ఒక శవం. మధ్యలో దేశం మారిపోయింది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. దానితో క్యూబాకు వచ్చే చవక పెట్రోలు ఆగిపోయింది. కరెంటు లేదు, బస్సుల్లేవు, తిండికి కటకట. 1993లో అమెరికా డాలర్‌ను వాడుకోవచ్చని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సొచ్చింది.

కథేంటంటే, యోయిటా అనే పేరున్న గాయని చాలా ఏళ్ళ తర్వాత సొంతూరు గ్వాంతనమో వస్తుంది. కుర్రతనంలో ప్రేమించిన కాందిదోను కలుస్తుంది. అతని చేతుల్లోనే ప్రాణం పోతుంది. శవాన్ని దేశం ఆ చివర నుంచి ఈ చివరకు, దాదాపు 900 కిలోమీటర్ల దూరంలోని హవానాకు తీసుకెళ్ళాలి. పెట్రోలు లేదు. అప్పుడు అంత్యక్రియల శాఖలో పనిచేసే అడోల్ఫో అనే అధికారికి గొప్ప ఐడియా వస్తుంది: రిలే! ఒక్కో రాష్ట్రం తన సరిహద్దు దాకా మోసి పక్క రాష్ట్రానికి అప్పజెప్పాలి. పెట్రోలు ఖర్చు అందరి మీదా సమానంగా పడుతుంది. కాగితం మీద అద్భుతం. అడోల్ఫోకు ప్రమోషన్ ఖాయం.

రోడ్డు మీద మాత్రం ఇంకో దేశం కనిపిస్తుంది. బస్సుల్లేక లారీలెక్కే జనం, రోడ్డు పక్కన దొంగచాటుగా అమ్మే ఉల్లిపాయలు, అరటిపళ్ళు, సర్కారు హోటల్లో లేనివన్నీ డాలరుంటే దొరికే చోట్లు. రూల్స్ అన్నీ ఆ శవం బండిలో వెళ్తుంటాయి, బతుకు పక్కనే లారీలో వెళ్తుంటుంది. దారిలో శవపేటికలు మారిపోతాయి. అది తెలిసి కూడా అడోల్ఫోకు తన స్కీమే ముఖ్యం. అతని భార్య జీనా ఒకప్పటి యూనివర్సిటీ టీచర్. ఆ పాత్ర వేసిన మిర్తా ఇబార్రా నిజజీవితంలో అలేయా భార్య. జీనా చివరికి మొగుణ్ణి వదిలి, తన పాత స్టూడెంట్, లారీ డ్రైవర్ మరియానోతో వెళ్ళిపోతుంది. క్లైమాక్స్‌లో అడోల్ఫో ఎత్తు మీద నిలబడి సంతాప ప్రసంగం దంచుతుంటాడు. వాన మొదలవుతుంది. జనం తలో దిక్కూ వెళ్ళిపోతారు. ఆయన ప్రసంగం ఆయనకే.

రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో సమస్య ఏమిటో స్పష్టంగా ఉంది: కాగితం. దాన్ని సరిచేస్తే అంతా బాగుపడుతుందని నవ్వేవాడికి నమ్మకముంది. రెండోదాంట్లో ఆ నమ్మకం పల్చబడింది. అందులో యోరుబా జాతి నుంచి క్యూబాకు వచ్చిన ఒక పురాణకథ చెప్తారు. ఒకప్పుడు లోకంలో చావే లేదట. ముసలివాళ్ళే అన్నీ పట్టుకుని కూర్చోవడంతో కుర్రాళ్ళకు చోటు లేకుండా పోయిందట. అప్పుడు దేవుడు చావును పంపాడట. ముప్ఫై ఆరేళ్ళుగా ఒకే నాయకుడున్న దేశంలో, తనూ చావుకు దగ్గరగా ఉన్న ఒక దర్శకుడు ఈ కథను సినిమాలో పెట్టాడు. పేర్లు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

దీనికి నాలుగేళ్ళ ముందు, 1991లో, ‘అలీసియా’ అనే పేరుతో మొదలయ్యే ఒక వ్యంగ్య సినిమాను డానియెల్ దియాజ్ తొర్రెస్ తీశాడు. దాన్ని నాలుగు రోజుల్లోనే థియేటర్ల నుంచి తీసేశారు. ఇకాయిక్ సంస్థనే వేరే సంస్థలో కలిపేయాలని చూశారు. సినిమావాళ్ళంతా ఏకమై అడ్డుపడ్డారు, అలేయా కూడా వాళ్ళతో నిలబడ్డాడు. ఇంత జరిగాక కూడా ‘గ్వాంతనమేరా’ తీయడమంటే సరదా కాదు. 1998లో కాస్ట్రో ఒక ప్రసంగంలో ఈ శవం కథను తప్పుబట్టాడు. అప్పటికి ఆయన ఆ సినిమా చూడలేదు. అలేయా చనిపోయి రెండేళ్ళయింది.

నవ్వి వదిలేస్తే

అలేయా సినిమాలే కాదు, సినిమా చూడటం గురించి 1982లో ఒక పుస్తకం కూడా రాశాడు. ప్రేక్షకుడు తెర ముందు కూర్చుని ఏడ్చో, నవ్వో, మనసు తేలికపడి ఇంటికెళ్ళిపోతే సినిమా సగం పనే చేసినట్టని ఆయన వాదన. కథలోని సమస్య కథలోనే తీరిపోతే జనం కూడా తమ పని అయిపోయిందనుకుంటారు. తెర మీద తేలని విషయాన్ని వెంట తీసుకెళ్ళి బయట ఏదో ఒకటి చేయాలి, అప్పుడే ప్రేక్షకుడు నిజంగా ప్రేక్షకుడు.

ఇది చదివాక నా ఫోన్ వైపు చూసుకున్నాను. మన తరంలా నవ్వే తరం ఇంకోటి ఉండదేమో. సర్వర్ డౌన్ అయితే మీమ్. రోడ్డు గుంత పడితే మీమ్. సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడితే అదీ మీమే. ఫార్వర్డ్ కొట్టి, ఓ పది నవ్వు ముఖాలు వచ్చాక, గుంత గురించి మన వంతు అయిపోయిందనిపిస్తుంది. ఇంకో రకం నవ్వుంది: అవతలి పార్టీ వాణ్ణి చూసి నవ్వేది. అది మరీ ఈజీ. మన వాళ్ళని చూసి నవ్వాలంటేనే గొంతులో అడ్డం పడుతుంది. అలేయా నవ్వు ఈ రెండు రకాల్లోనూ చేరదు. అది ఇల్లు కారుతుంటే ఇంటివాడు నవ్వే నవ్వు. నవ్వుతూనే బకెట్ ఎక్కడుందో వెతుకుతాడు.

ఆఫీసులో ఈమధ్య ఇలాగే ఒకటి జరిగింది. మా టీమ్ ఒక క్లయింట్ కోసం క్లెయిమ్ ఫారం తయారుచేస్తోంది. మనిషి పోయాక కుటుంబం నింపే ఫారం. అందులో ‘మృతుడి ఒరిజినల్ కార్డు స్కాన్’ అని ఒక బాక్స్ ఉంది, పక్కన ఎర్ర నక్షత్రం. అంటే మ్యాండేటరీ. స్కాన్ పెట్టకపోతే ‘సబ్మిట్’ బటన్ వెలగదు. ఆ నక్షత్రం చూడగానే నాకు పాకో గుర్తొచ్చాడు. కార్డు లేనివాళ్ళ సంగతేంటని మీటింగ్‌లో అడిగాను.

మా లీడ్ జవాబు తీసిపారేసేది కాదు. ‘ఆ నక్షత్రం తీసేస్తే దొంగ క్లెయిమ్‌లు వస్తాయి. అప్పుడు నిజమైన వాళ్ళకే లేటవుతుంది. అయినా కార్డు లేనివాళ్ళు వెయ్యికి ఒకరు ఉంటారేమో’ అన్నారు. నేను శవపేటికలో కార్డు కథ మొత్తం చెప్పాను. రాబందుల దాకా వచ్చేసరికి అందరూ పగలబడి నవ్వారు. లీడ్ కళ్ళు తుడుచుకుంటూ, ‘సూపర్‌గా ఉంది, లింక్ పంపించు’ అన్నారు. తర్వాత, ‘సరే, నెక్స్ట్ ఐటమ్’ అన్నారు. మీటింగ్ ముందుకెళ్ళిపోయింది.

అప్పుడు అలేయా చెప్పింది సరిగ్గా అర్థమైంది. కథ బాగా పండింది, అందుకే పని ఆగిపోయింది. అందరి మనసూ తేలికపడింది. నక్షత్రం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మర్నాడు జోకులేమీ లేకుండా ఒక పేజీ రాశాను. ఇల్లు వరదలో మునిగి కాగితాలు పోయిన వాళ్ళు. కార్డు వేరే కాపురం పెట్టిన కొడుకు దగ్గర ఉండిపోయి, అతనితో మాటల్లేని తల్లి. ప్రమాదంలో మనిషితో పాటు పర్సు కూడా పోయిన కేసు. ముగ్గురూ ఈ స్క్రీన్ దగ్గరకొచ్చి ఎక్కడ ఆగిపోతారో బొమ్మ గీశాను. నక్షత్రం తీసేయమనలేదు. దాని పక్కన ‘కార్డు మా దగ్గర లేదు’ అనే ఇంకో దారి పెట్టమన్నాను. అది నొక్కితే కారణం రాయాలి. ఆ అప్లికేషన్ నేరుగా ఒక మనిషి దగ్గరకు వెళ్ళాలి. ఇన్ని రోజుల్లోగా జవాబు ఇవ్వాలని ఆ మనిషికి గడువుండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, తన కళ్ళతో చూసింది నిజమని రాసుకునే అధికారం ఆ మనిషికి ఉండాలి. హువాంచిన్ తిరిగిన ఏ కౌంటర్లోనూ అలాంటి మనిషి ఒక్కడూ లేడు.

దీని మీద ఇంకా వాదన నడుస్తోంది. ఆ మనిషికి జీతం ఎవరిస్తారని క్లయింట్ అడిగాడు. గడువు ఎన్ని రోజులుండాలో తేలలేదు. లీడ్ మాత్రం సినిమా చూశారట. సోమవారం వచ్చి, ‘ఆ శ్మశానం ఆఫీసర్ నాలాగే మాట్లాడుతున్నాడేంటయ్యా’ అన్నారు. ఈసారి పెద్దగా నవ్వలేదు. టికెట్‌ను తర్వాతి రిలీజ్ లిస్టులోకి మార్చారు.

మీకు వీలైతే ముందు 1966 సినిమా చూడండి, తర్వాత 1995ది. ఆ వరసలోనే చూడండి, లేకపోతే మధ్యలో ఏం పోయిందో తెలియదు. కడుపు నిండా నవ్వుకోండి, అందుకే తీశాడు ఆయన. నవ్వడం అయ్యాక, మీరు పనిచేసే చోట ఏ కాగితం కోసం ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో ఒకసారి చూడండి. బ్యాంకు కౌంటర్ కావచ్చు, కాలేజీ ఆఫీసు కావచ్చు, మీరే రాసిన కోడ్ కావచ్చు. మా టికెట్ అయితే ఇంకా ఓపెన్‌లోనే ఉంది. రోజూ పొద్దున్నే ఒకసారి చూస్తున్నాను.